గోడవైపు మొహం

మెదడుకి నొప్పి తెలియదట. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా ఆ నొప్పి తెలిసేది మెదడు వల్లనే గానీ, ఆ మెదడునే కత్తి పెట్టి కోసినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదట. విదేశాల్లో డాక్టర్లు మనిషిని మెలకువగా ఉంచి, కబుర్లు చెప్పిస్తూనే పుర్రె తెరిచి ఆపరేషన్ చేస్తారట. వారపత్రికలో వింతలూ విశేషాలూ వేసే పేజీలో ఇది చదివి మా అత్తగారికి చెప్పాను. ఇద్దరం వసారాలో కూచుని ఇంటి కారానికి మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. ఆవిడ చెయ్యి ఆపకుండానే, "అదా సంగతి. నేనేం చెప్పినా మీ మామగారికి ఎక్కకపోవడం అందుకేనన్నమాట," అంది. నవ్వాపుకోలేక కారం చేతుల్తోనే కళ్లు తుడుచుకుని ఆ పూటంతా లబోదిబోమన్నాను.

సత్తెనపల్లి రోడ్డు దిగి లోపలికి పోవాల్సిన నల్లరేగడి పల్లె అది. అరవైల మొదటి రోజులు. నేను ఎస్సెల్సీ పాసై, టీచరు ట్రైనింగుకి వెళ్తానని నెత్తీ నోరూ బాదుకుంటే, మా నాన్న చక్కగా పెళ్లి చేసి ఆ ఇంట్లో దింపి వెళ్లారు. పొయ్యి, పెరడు, వసారా. ఇంతే. మిరప కోతలొచ్చాయంటే ఆ ఘాటుకి కళ్లూ ముక్కూ కారుతున్నా తలుపులు బిడాయించుకుని లోపలే చావాలి. మా ఆయన గుంటూరు వెళ్లినప్పుడల్లా వారపత్రిక తెచ్చేవారు. అందులో మెదడు గురించిన ముక్క ఉంటే ముందు అదే చదివేదాన్ని. కాలు తీసేసినవాడికి లేని కాలు దురద పెడుతుందట. పుర్రె లోపల ఒకచోట సన్నటి తీగ తగిలిస్తే చిన్నప్పుడెప్పుడో విన్న పాట మళ్లీ వినపడుతుందట. వంటింట్లో కూచుని నేను పోగలిగినంత దూరం అదే. చదివింది మా అత్తగారికి చెప్పేదాన్ని, ఆవిడ ప్రతిదానికీ ఏదో ఒక చురక తగిలించేది.

ఆ చురకలన్నీ మా మామగారి మీదే. ఆయన మంచివారే, కానీ అలక మనిషి. మజ్జిగ పులిసిందని ఒకసారి పత్తి తీతలు మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా ఆవిడతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా గోడకేసి చూసి గోడకి చెప్పేవారు. ఆవిడేమన్నా తక్కువదా? ఆవిడా గోడకే సమాధానం చెప్పేది. మా ఆయన చిన్నతనమంతా ఆ గోడకీ ఈ గోడకీ మధ్య కబుర్లు మోస్తూ గడిచిందట. అయినా ఆయన భోంచేయకుండా ఆవిడ ముద్ద ముట్టేది కాదు, ఆవిడకి జ్వరమొస్తే ఆయన పొలం వెళ్లేవారు కాదు. ఆ ఇంట్లో అలక అంటే ఏమిటో, అది ఎంత దూరం పోతుందో అందరికీ తెలుసు. అదే మా కొంప ముంచింది.

ఆ ఏడు కల్లంలో కాయ ఎండుతుండగా మబ్బు పట్టింది. కాయంతా కుప్ప చేసి పట్టాలు కప్పమని మామగారు. ఎండ వస్తుంది, కుప్ప చేస్తే కాయ ఉడికి రంగు పోతుందని అత్తగారు. మాటా మాటా పెరిగి, కూలీల ముందు ఆవిడ, "మీరు కాస్త అవతలికి వెళ్లండి, పని జరగనివ్వండి," అనేసింది. ఆయన పైపంచె విదిలించి భుజాన వేసుకుని ఇంటికొచ్చారు. బావి దగ్గర కాళ్లు కడుక్కుంటూ కూలిపోయారు. ఎడం చెయ్యీ ఎడం కాలూ పడిపోయాయి. పక్షవాతం.

గుంటూరు తీసుకెళ్లారు. డాక్టరు తలలో నరం పూడిందనీ, చేసేదేం లేదనీ, మందులు మానకుండా వాడమనీ చెప్పి పంపారు. మాట ముద్దగా వచ్చినా కొద్దిరోజులకే తేటపడింది. ఇంటికొచ్చాక ఊళ్లో వైద్యుడు ఎడం పక్కకి నూనె మర్దనా చెయ్యమన్నాడు. పడిపోయిన పక్క చేతికందాలి కదా, అందుకని మంచాన్ని కుడిపక్క గోడకి ఆనించి వేశాం. దొర్లి కింద పడతారన్న భయం కూడా సగం తీరింది. రెండోవైపు గది నిండా, దూలాల దాకా, మిరపకాయ బస్తాలు. ఆ బస్తాలకీ మంచానికీ మధ్య పీట వేసుకుని, నూనెగిన్నె పక్కన పెట్టుకుని మా అత్తగారు పొద్దున్నించీ సాయంత్రందాకా అక్కడే. మంచం కాళ్ల వైపు గోడలో ఒక గూడుండేది. మందుసీసాలు అందులో. సీసాల మీద రాసింది చదవడం నాకొక్కదానికే వచ్చు గనక ఆ మూల నాది.

చూడటానికి చుట్టాలొచ్చిన రోజు జరిగింది మొదటిసారి. మామగారు గోడకేసి తిరిగి పడుకుని ఉన్నారు. అత్తగారు పీట మీద కూచుని ఆయన ఎడం చెయ్యి ఒళ్లో పెట్టుకుని నూనె రాస్తోంది. ఆయన నావైపు చూసి అడిగారు.

"మీ అత్తయ్య ఏదమ్మాయ్? పుట్టింటికి పోయిందా?"

"ఇదుగో, మీ పక్కనే ఉన్నారుగా మామయ్యగారూ," అన్నాను. ఆయన గోడ వెంట ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూపు తిప్పి, "నాతో పరాచికాలేమిటి," అని కళ్లు మూసుకున్నారు. చుట్టాల్లో ఒకాయన ఫక్కున నవ్వి, ఒళ్లు పడిపోయినా పంతం పడిపోలేదు అన్నాడు. అత్తగారి చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి. చెయ్యంతా అయ్యాక, కాలికి కూడా రాసి, లేచి వెళ్లింది.

ఆ రోజు నించీ పూటపూటా అదే మాట. పళ్లెం ముందుకి రాగానే, "మీ అత్తయ్య ఇంకా రాలేదా?" ఆవిడ చెయ్యి ఆయన కాలి మీద ఉండగానే. వచ్చినవాళ్లు నా పక్కన గోడ వార నిలబడితే బాగానే పలకరించేవారు, వానలూ ధరలూ అడిగేవారు. మంచానికి ఇటు, బస్తాలవైపు నిలబడినవాళ్లని పట్టించుకునేవారు కాదు. ముసలాయన గోడకేసి మొహం తిప్పుకున్నాడు, ఇంక ఆమెవైపు తిరగడని ఊరంతా అనుకుంది. అటు నేనుండే మూలకి వెళ్లి ఆయనకి ఎదురుగా నిలబడమని మా ఆయన తల్లిని ఒకసారి బతిమాలారు. చచ్చినా వెళ్లనంది. మొహం తిప్పుకున్న మనిషి ముందుకి తిరిగి వెళ్లి, నన్ను చూడండి అని అడుక్కోవాలా అంది. ఆయనతో మాటలు మానేసింది. పని మాత్రం ఒక్కటీ మానలేదు. నాకు చురకలు వెయ్యడం కూడా మానేసింది. నేను పత్రిక తీస్తే, "నాకు చెప్పకు పిల్లా, తల నొప్పి," అనేది.

దిండ్లకి ఆనించి కూచోబెట్టి పెట్టే భోజనం దగ్గర ఇంకో తంటా. మా ఇంట్లో పళ్లెంలో పప్పూ పచ్చడీ కుడివైపు వేస్తాం, కూర ఎడమవైపు. ఆయన పప్పన్నం తినేసి, ఎడమవైపు అన్నం, కూర అట్లాగే ఉంచి, "కూర చెయ్యలేదా ఇవాళ?" అనేవారు. తన చేతి కూర ముట్టడం లేదని అత్తగారు కుమిలిపోయింది. ఒకరోజు కావాలని నేనే వండాను. వంకాయ కూర, ఆయనకి ప్రాణం. ముట్టలేదు. "నేను చేశానండీ మామయ్యగారూ," అన్నాను. "చేస్తే చాలదమ్మాయ్, వెయ్యాలి," అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. పక్షవాతం మనిషి గనక ఊరుకున్నాను గానీ, పళ్లెం నేలకేసి కొట్టేదాన్నే.

ఒకరోజు తొడిమలు తీస్తూ అత్తగారు మెల్లగా చెప్పింది. వాళ్ల అన్నకి కబురు పంపిందట. కాయ గుంటూరు తోలడం అయిపోయాక లక్ష్మీవారం బండి కట్టుకుని వస్తాడట.

"ఎదురుగా ఉన్నదాన్ని లేదంటున్నారు. ఇంక ఉండి మాత్రం ఎవరి కోసం?"

ఆ ఇద్దరి సంగతీ తెలిసినదాన్ని. ఆవిడ ఒకసారి గడప దాటి వెళ్లిందంటే, ఆయన రమ్మనరు, ఆవిడ రాదు. ఆయన పోయినరోజు చూపుకి వస్తుందేమో, అంతే. మా ఆయన తల్లి కాళ్లు పట్టుకున్నారు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ మాట మార్చలేదు, ట్రంకుపెట్టె మంచం కింద నుంచి లాగి దుమ్ము దులిపింది. ఆవిడ పోతే ఆ గదిలో ఆ బస్తాల మధ్య ఆ గోడకెదురుగా మిగిలేది నేను.

కాయ తోలడానికి గుంటూరు వెళ్లిన మా ఆయన అలవాటు కొద్దీ పత్రిక తెచ్చారు. చదవాలని లేదు. పొయ్యి మీద ఎసరు కాగుతుంటే ఊరికే తిప్పాను. మెదడు కుడిభాగం ఒంట్లో ఎడమ పక్కనీ, ఎడమభాగం కుడి పక్కనీ నడిపిస్తాయని రాశారు. అది నాకు తెలిసిందే. దాని కింద ఒక చిన్న ముక్క. కుడివైపు మెదడుకి దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి చూపు సరిగ్గా ఉన్నా ఎడమపక్క అనేదే ఉండదట. చీకటిగా కనపడటం కాదు, అసలు అటువైపు ఒకటి ఉందన్న ధ్యాసే ఉండదట, అటునుంచి మాట వినపడినా పట్టదట. తల సగమే దువ్వుకుంటారట. పళ్లెంలో సగమే తిని, చాలా తక్కువ పెట్టారని పోట్లాడతారట. పళ్లెం తిప్పి పెడితే, మిగతా సగం అప్పుడే వడ్డించారనుకుని తింటారట.

ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను చూళ్లేదు. మళ్లీ చదివాను, ఇంకోసారి చదివాను.

మధ్యాహ్నం ఎప్పటిలాగే వడ్డించాం. ఆయన ఎప్పటిలాగే కుడిసగం తిని, కూర లేదా అన్నారు. అత్తగారు పీట మీద తల వంచుకుని కూచుంది. నేను ముందుకి వంగి, ఒక్క మాట మాట్లాడకుండా పళ్లేన్ని ఇటుది అటు తిప్పాను. మామగారు పళ్లెంలోకి చూసి విసుక్కున్నారు.

"ఇప్పుడా కూర వెయ్యడం? అన్నమంతా అయ్యాకా?"

అని, మెతుకు మిగల్చకుండా తిన్నారు. అత్తగారు తలెత్తి ఆయన నమిలే నోటినే చూస్తోంది. ఆవిడ కూర ఆయన తిని ఎన్నాళ్లయిందో.

పెరట్లోకి లాక్కెళ్లి అంతా చెప్పాను. అలక కాదు అత్తయ్యా, తలలో దెబ్బ. మీరు కూచున్న పక్క ఆయనకి లేదు. మీరు పట్టుకునే చెయ్యి ఆయనకి లేదు, స్పర్శే తెలియదు. మిమ్మల్ని నిజంగానే అడుగుతున్నారు, నిజంగానే వెతుకుతున్నారు. గోడవైపు ఉన్నదే లోకమంతా అనుకుంటున్నారు. ఆవిడ గోలెం అంచు పట్టుకుని విన్నది. సంతోషిస్తుందనుకున్నాను. మొహం పాలిపోయింది.

"అంటే, ఇన్నాళ్లూ నేను వదిలేసి పోయాననుకుంటున్నారా?"

మంచం గోడ దగ్గర్నుంచి లాగుదాం, మీరు అటువైపు కూచోండి అన్నాను. ఆవిడ కదల్లేదు. పేపర్లో రాసింది తప్పయితే, అన్నది. అటు వెళ్లి ఎదురుగా నిలబడితే, అప్పుడు కూడా లేదంటే. ఇప్పుడైతే అలిగారనో జబ్బనో ఏదో అనుకుని బతుకుతున్నాను, ఎదురుగా చూసి కూడా ఆ మాటే అంటే నేనింక ఏ మొహంతో బతకాలి అన్నది. ఆవిడ అంత భయపడటం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. ఆ రాత్రి ఆవిడా తినలేదు, నేనూ తినలేదు.

బుధవారం పొద్దున ఆవిడే వచ్చి, మీ ఆయన్ని పిలువు అంది. మా ఆయనకి ఈ పత్రికల వైద్యం మీద బొత్తిగా నమ్మకం లేదు. నువ్వూ నీ వింతలూ అని గొణుక్కుంటూనే ఒక పక్క పట్టారు, నేనొక పక్క పట్టాను. మంచం గోడ నుంచి ఇవతలికి జరగాలంటే ధర కోసం ఆపిన బస్తాలు అడ్డం. మూరెడు జరిగింది, అంతే. ఆ సందులోకి ఆవిడ పక్కకి తిరిగి, గోడకి వీపు రాసుకుంటూ దూరింది. మెల్లగా కింద కూచుంది. ఆవిడ మొహం సరిగ్గా ఆయన మొహానికెదురుగా వచ్చింది.

మామగారు చూశారు. చాలాసేపు చూశారు. నేను గూటి దగ్గర ఒక సీసా పట్టుకుని నిలబడిపోయాను.

"ఎప్పుడొచ్చావు?" అన్నారు.

నేను ఏదో చెప్పబోయాను, ఆవిడ కళ్లతోనే నా నోరు మూయించింది.

"ఇప్పుడేనండి."

అంతే, తగులుకున్నారు. మనిషిని మంచాన పడేసి ఇన్నాళ్లు పుట్టింట్లో ఏం వెలగబెడుతున్నావన్నారు. కోడలు పిల్ల ఒక్కతే చాకిరీ చెయ్యలేక చస్తోందన్నారు. కల్లంలో ఒక మాట అనుకుంటే మాత్రం ఇట్లా వదిలేసి పోతారా అన్నారు. అంటూ అంటూ ఏడ్చేశారు. పొద్దున్నించీ సాయంత్రందాకా ఆయన ఉచ్చా దొడ్డీ ఎత్తిన మనిషి, తల వంచుకుని, "పొరపాటైంది, ఇంకెప్పుడూ పోను," అంది. ఎవరిమీద కోప్పడాలి? ఆయన మీదా? ఆయన తలలో పూడిన నరం మీదా? మా ఆయన బయటికి వెళ్లి అరుగు మీద కూచున్నారు.

ఇంక ఆవిడ ఆ సందులోంచి బయటికి రావడం గగనమైపోయింది. లేచి ఇటువైపు వచ్చిందా, ఆ క్షణమే ఆయనకి ఆవిడ లేదు. మళ్లీ పోయిందా, మళ్లీ పోయిందా అని కుడిచేత్తో గోడ తడుముతారు. అందుకని ఎడం పక్కకి నూనె మర్దనా నేను తీసుకున్నాను. పీట మీద కూచుని కాలు అందుకున్నానో లేదో, అవతలివైపు అత్తగారిని అడుగుతున్నారు, అమ్మాయేదీ, ఇందాక ఇక్కడే ఉంది, పొలం పంపావా అని. అంతా తెలిసినదాన్ని. చదివి, పళ్లెం తిప్పి రుజువు చేసినదాన్ని. అయినా ఆ మాట చెవిన పడగానే చురుక్కుమంది. ఏమీ తెలియకుండా ఆవిడ ఇన్నాళ్లు ఎట్లా భరించిందో నాకు అర్థంకాలేదు.

లక్ష్మీవారం మధ్యాహ్నం ఆవిడ అన్నగారు వచ్చాడు. పెద్దమనిషి, కోపిష్ఠి. చెల్లెలికి జరిగిన అవమానం విని రగిలిపోతూ వచ్చినవాడు, కాళ్లు కూడా కడుక్కోకుండా గదిలోకి వచ్చి, మంచానికి ఇటువైపు, ఆ పీట మీదే కూలబడ్డాడు. మోకాళ్లు మంచం పట్టెకి తగులుతున్నాయి. గోడకీ మంచానికీ మధ్య ఇరుక్కుని కూచున్న చెల్లెల్ని చూసి, అదేం కూచోవడం అన్నట్టు నావైపు చూశాడు. నేను చెప్పేలోపే మామగారు మాట్లాడారు, ఆవిడతో.

"నువ్వొక్కదానివే వచ్చావా? మీ అన్న దింపడానికన్నా రాలేదేం? నేనిట్లా పడి ఉన్నానని తెలియదా ఆయనకి?"

అన్నగారు నోరు తెరిచాడు. చెయ్యెత్తి మామగారి మొహానికి ఇటువైపు ఆడించాడు. ఆయన రెప్ప కూడా కదల్లేదు, చెల్లెలి మొహమే చూస్తున్నారు.

"నాకన్నా పెద్దవాడు. మొన్నటిదాకా కలిసి ఎడ్లు కొన్నవాళ్లం. ఒకసారి వచ్చి చూసిపోతే బాగుండేది," అన్నారు.

అన్నగారు చేతిలోని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అత్తగారు మంచం మీదుగా అన్నని చూస్తూ, ఆయనకి సమాధానం చెప్పింది.

"వచ్చాడండి. దింపి వెళ్లాడు. పొద్దు పోతుందని ఆగలేదు."

అన్నగారు చప్పుడు చెయ్యకుండా లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వీధిలోకన్నా రమ్మని చెల్లెలికి చేత్తో సైగ చేశాడు. అంత దూరం వచ్చినవాడికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు కదా, ఆవిడ గోడ పట్టుకుని లేవబోయింది. మామగారి కుడిచెయ్యి ఆవిడ చీర కుచ్చెళ్లని గుప్పిట్లో పట్టుకుంది.

"మళ్లీ ఎక్కడికే?"

ఆవిడ గుమ్మంవైపు చూసింది, ఆ గుప్పిటివైపు చూసింది. ముందే సర్దిన ట్రంకుపెట్టె ఇంకా వసారాలోనే ఉంది, బండి వీధిలో ఉంది.

"ఎక్కడికీ లేదు," అని మళ్లీ కూచుంది. వీధిలో బండి కదిలిన చప్పుడు మా అత్తాకోడళ్లిద్దరికీ వినపడింది.